సెంటు జెల్లీకి గడువు తేదీ కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో ఈ మధ్య ‘అయిదు నిమిషాల్లో ఇంట్లోనే సెంటు జెల్లీ’ అని ఒక చిట్కా వేశారు. ఆ ముక్క కత్తిరించి నా నోటుబుక్కులో అంటించుకున్నాను. దాని కింద నెల రోజులుగా నేను రాసుకున్న తూకాలు, తేదీలు ఉన్నాయి. అవి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. పొడుగైంది. అయినా చివరిదాకా చదవమని కోరుతున్నాను.

నేను పార్వతీపురంలో ఉంటాను. డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో 31 ఏళ్ళు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. పాఠాలు చెప్పే ఉద్యోగం కాదు నాది. గాజు సామాను కడగడం, మీడియం (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ) కాచడం, దాన్ని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టడం, పిల్లలు ప్రాక్టికల్స్‌కి వచ్చేసరికి బల్లల మీద అన్నీ అమర్చి ఉంచడం నా పని. జెల్లీ కాయడం అంటే నాకు రోజూ చేసిన పని. అందుకే మీ చిట్కా మీద ఇంత వివరంగా రాయగలుగుతున్నాను.

మీరు వేసింది ఇదీ: కప్పు నీళ్ళు, అరకప్పు కమలారసం, రెండు చెంచాల జెలటిన్, రెండు చెంచాల పంచదార, పది చుక్కల సెంటు, అందం కోసం కాస్త ఫుడ్ కలర్. అన్నీ మరగబెట్టి గాజు కప్పులో పోస్తే గట్టిపడుతుంది, నెల రోజులు ఇల్లంతా గుబాళిస్తుంది. చివర్లో ‘అంతా సహజం, సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవు’ అని ఒక వాక్యం.

మా కోడలు సరదాపడి చేసింది. చాలా బాగా వచ్చింది. నారింజ రంగులో, అద్దంలా మెరుస్తూ, కప్పు కదిపితే తొణుకుతూ ఉంది. హాల్లో టీవీ పక్కన పెట్టింది. మా మనవరాలికి రెండున్నరేళ్ళు. మూడో రోజు మధ్యాహ్నం అది చెంచా తెచ్చుకొని కప్పు ముందు కూర్చుంది. పెళ్ళిభోజనాల్లో పిల్లలకి పెట్టే జెల్లీ ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది కదా. నేను చూసేసరికి ఒక చెంచా నోట్లో ఉంది, ఇంకో చెంచా గౌను మీద ఉంది. ఘాటుకి మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది కాబట్టి సరిపోయింది. ఎంత మింగిందో మాకు తెలీదు.

నాకు చప్పున తోచింది ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం. మా అమ్మ మాకు అలాగే చేసేది. కోడలు వద్దని, నోరు కడిగించి, నేరుగా పిల్లల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళింది. అదే మంచిదైంది. నూనె లాంటివి మింగినప్పుడు కక్కించకూడదట, కక్కేటప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు ప్రమాదం అదేనని డాక్టరుగారు చెప్పారు. ఇంత వయసు వచ్చాక తెలుసుకున్నాను. తర్వాత ఆయన సెంటు సీసా తెచ్చారా అని అడిగారు. తెచ్చాం. దాని మీద పేరు తప్ప ఏమీ లేదు. అందులో ఏ నూనె ఉందో, ఏ రసాయనం ఉందో లేదు. విడిగా కొలిచి అమ్మే దుకాణంలో కొన్నది అది. అయిదు గంటలు పిల్లని కళ్ళ ముందు ఉంచుకొని, దగ్గు, ఆయాసం ఏమీ లేవని చూసి పంపించారు. ఆ అయిదు గంటల టెన్షన్ నేను ఎవరికీ కోరుకోను. కోడలు ఆ రాత్రి అన్నం తినలేదు. “అత్తయ్యా, పేపర్లో సైడ్ ఎఫెక్ట్స్ ఉండవని రాశారండీ” అని అదే మాట పదిసార్లు అంది. అందులో కోడలి తప్పు నాకేమీ కనపడలేదు.

మన ఇళ్ళలో కలరా ఉండలు బీరువాలో పైఅరలో దాస్తాం, పిల్లలు పిప్పరమెంటు బిళ్ళలనుకుంటారని. కర్పూరం దేవుడి గూట్లో ఎత్తున పెడతాం. కర్పూరం చిన్నపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. మరి జెల్లీని మాత్రం టీవీ పక్కన ఎందుకు పెట్టాం? అది తినే వస్తువులా ఉందని, తినే వస్తువులతో చేశామని, హాని లేదనుకున్నాం. దీనికి తోడు ఇప్పుడు జాతర్లలో నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగురంగుల పూసలు అమ్ముతున్నారు. వాటి మీద సెంటు చల్లి గిన్నెలో పెడితే ఇంటికి వాసన అని కూడా చెబుతున్నారు. అవి మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డం పడతాయి. అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ లాంటి సంస్థలు పిల్లల ఆటవస్తువులుగా వాటి అమ్మకం ఆపేస్తున్నట్టు 2023 డిసెంబరులో ప్రకటించాయి. మన జాతర్లలో అవి దోసిళ్ళతో కొలిచి ఇస్తున్నారు.

ఇక ఆ కప్పు సంగతి. కోడలు పారేయబోతే నేను ఉంచమన్నాను. మూత పెట్టి, తేదీ రాసి, అటక మీద పెట్టాను. ఆరో రోజుకి అంచున తెల్లటి నూగు, ఎనిమిదో రోజుకి ఆకుపచ్చ మచ్చ, దాని చుట్టూ తెల్లటి వలయం. చూడగానే ఏమిటో చెప్పగలను. 31 ఏళ్ళు పెట్రీడిష్‌లలో, అంటే మూత ఉండే చిన్న గాజుపళ్ళేల్లో, పెంచింది దాన్నే.

మా ల్యాబులో బూజు పెంచాలంటే ఏం చేసేవాళ్ళమో చెబుతాను. 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడకబెట్టి ఆ నీళ్ళు వడకట్టాలి. అందులో 20 గ్రాముల గ్లూకోజ్ జాతి పంచదార, 15 గ్రాముల అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే పొడి) వేసి లీటరుకి సరిపెట్టి కాచాలి. చల్లారితే జెల్లీ. మామూలు బూజుల్ని దాని మీద ఉంచితే కొద్ది రోజుల్లోనే అల్లుకుపోతాయి. మీ చిట్కాతో పోల్చి చూడండి. దుంపరసం బదులు పండురసం, గ్లూకోజ్ బదులు వంటింటి పంచదార, అగర్ బదులు జెలటిన్. బూజుకి భోజనం అమర్చినట్టే ఉంది. పది చుక్కల సెంటు దాన్ని ఆపలేదు.

అగర్ ల్యాబుకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది వంటింట్లోంచే వచ్చింది. 1881 ప్రాంతంలో జర్మనీలో సూక్ష్మజీవుల పరిశోధనకి పేరుపొందిన రాబర్ట్ కాక్ గారి దగ్గర వాల్తర్ హెస్సె అనే డాక్టరు పనిచేసేవారు. సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవారు. ఎండాకాలం వచ్చేసరికి జెలటిన్ కరిగి నీళ్ళైపోయేది. కొన్ని సూక్ష్మజీవులైతే జెలటిన్‌నే తినేసేవి. ఆయన భార్య ఫానీ హెస్సె ఇంట్లో పండ్ల జెల్లీలు అగర్‌తో చేసేది, అవి వేసవిలో కూడా కరిగేవి కావు. జావాలో ఉండి వచ్చిన పొరుగింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ల్యాబులో కూడా అదే వాడి చూడమని భర్తకి చెప్పింది ఆవిడే. ఈ రోజుకీ ప్రపంచమంతా ఆ జెల్లీ మీదే పరీక్షలు చేస్తోంది. మా ల్యాబులో కాక్ గారి ఫొటో ఉండేది. ఫానీ గారి ఫొటో కూడా ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపించేది.

మీ చిట్కాలో జెలటిన్ వాడడం గురించి ఇందుకే అభ్యంతరం. జెలటిన్ ముప్ఫై డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది, ముప్ఫై అయిదుకి కరుగుతుంది. జర్మనీ వేసవికే నిలవనిది మన వైశాఖంలో నిలుస్తుందా? కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం మా అటక మీది కప్పు పానకంలా అయింది. పైగా జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. దేవుడి గదిలో సువాసనకి పెట్టుకోండి అని కూడా రాశారు మీరు. మాంసం ముట్టని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అది దేనితో తయారవుతుందో ఒక్క ముక్క చెప్పి ఉంటే, పెట్టుకునేవాళ్ళు పెట్టుకునేవాళ్ళు, మానేవాళ్ళు మానేవాళ్ళు. అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. మనకి కిరాణాకొట్లో చైనాగ్రాస్ పేరుతో దొరికేది అదే. తమిళనాడులో రామేశ్వరం, మండపం తీరాన ఆడవాళ్ళు సముద్రంలో మునిగి రాళ్ళని పట్టుకున్న నాచును చేత్తో కోసుకొస్తారు. పొట్లం విప్పినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు.

ఇంకో సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. కిందటి దసరాకి ముందు మా వీధి డ్వాక్రా సంఘం వాళ్ళకి ఒకరు ట్రైనింగ్ ఇచ్చారు. ఎవరో పేరు రాయను. రెండు రోజుల క్లాసు, మనిషికి 1,500 రూపాయలు. గదుల్లో పెట్టే జెల్లీ, ఒంటికి రాసుకునే సెంటు జెల్లీ రెండూ నేర్పారు. ‘సహజ జెల్లీ బేస్’ అని పేరు పెట్టిన పొడి కూడా వాళ్ళే అమ్మారు. దాంట్లో ఏముందో పొట్లం మీద లేదు. పదిమంది కలిసి 120 కప్పులు పోశారు. అప్పుడు వానలు ఇంకా వెనక్కి తగ్గలేదు, గాలంతా చెమ్మ. దసరా స్టాలు తెరిచేనాటికి సగం కప్పుల్లో నల్లచుక్కలు. ఒంటికి రాసుకునేది కలబంద గుజ్జుతో చేశారు. కలబంద మట్ట కోశాక నిలువుగా నిలబెట్టి పసుప్పచ్చని పాలు పూర్తిగా కారిపోనివ్వాలి. ఆ పాలు తగిలితే దురద పెడుతుంది. అది వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కొన్న ఒకావిడ మెడంతా ఎర్రటి దద్దుర్లు వచ్చి, స్టాలు దగ్గరకొచ్చి నలుగురిలో అరిచింది. ఆ సంఘంలో మా తోడికోడలు ఉంది. బ్యాంకు వాయిదా కట్టడానికి చెవి దుద్దులు తాకట్టు పెట్టింది.

అప్పటికి వాళ్ళకి తెలీని మాట ఇంకొకటి ఉంది. ఒంటికి రాసుకునే ఏ సౌందర్య సాధనాన్నైనా తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ఆ సంగతి చెబుతున్నాయి. లేబుల్ మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ ఉండాలి. సొంతానికి చేసుకుంటే ఎవరూ అడగరు. అమ్మకానికి పెడితే అడుగుతారు. ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళని మా తోడికోడలు ఈ మాట అడిగితే, “ఇంట్లో చేసుకునేదానికి లైసెన్సు ఏంటమ్మా” అని కొట్టిపారేశారట. మీ పేజీలో ఆ చిట్కా వేసిన వారమే ‘ఇంట్లో కూర్చొని నెలకి పదివేలు’ శీర్షికలో సెంటు జెల్లీ వ్యాపారం గురించి రాశారు. అందులో కూడా లైసెన్సు మాట లేదు. అప్పు చేసి మొదలుపెట్టేవాళ్ళు ఆ పేజీ చదివే మొదలుపెడతారండీ.

ఇంత రాశాను కాబట్టి సెంటు జెల్లీలు చేయవద్దంటున్నానని అనుకోకండి. నాకు ఆ పని ఇష్టం. ఈ నెలలో తొమ్మిది రకాలు చేశాను. పనికొచ్చినవి చెబుతాను.

గదికైతే అగరే మేలు. 250 మిల్లీలీటర్ల నీళ్ళకి 4 గ్రాముల చైనాగ్రాస్ పొడి, 25 గ్రాముల రాళ్ళ ఉప్పు. పండురసం వద్దు, పంచదార వద్దు. ఉప్పు బూజుని వెనక్కి నెడుతుంది, పూర్తిగా చంపదు. చల్లటి నీళ్ళలోనే పొడి వేసి కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టి, తెర్లాక రెండు మూడు నిమిషాలు తిప్పుతూ ఉంచితే నీళ్ళు తేటబడతాయి. నిమ్మరసమో, నిమ్మ ఉప్పో ముందే వేసి కాస్తే మాత్రం అగర్ పట్టు పోతుంది, ఎంతసేపైనా గట్టిపడదు. వేయాలనుకుంటే దించాక వేయాలి.

సెంటు ఎప్పుడు వేయాలనేది ముఖ్యం. మీ చిట్కాలో అన్నీ కలిపి మరగబెట్టమన్నారు. మా కోడలు అలా చేసినప్పుడు వంటిల్లంతా ఘుమఘుమలాడింది, మర్నాటికి కప్పులో వాసన సగం కూడా లేదు. మరిగే నీళ్ళలో వేస్తే వాసన అంతా ఆవిరితో పొయ్యి దగ్గరే పోతుంది. అగర్‌కి ఒక గుణం ఉంది. కరగడానికి 85 డిగ్రీలు దాటాలి గానీ, గట్టిపడడం 40 దగ్గరకి వస్తేగానీ మొదలవదు. ఆ మధ్యలో మనకి బోలెడు సమయం దొరుకుతుంది. దించి, ఉండనిచ్చి, గిన్నె అడుగున చెయ్యి పెడితే వేడిగా ఉన్నా చెయ్యి తీయాల్సిన అవసరం లేని దశ వస్తుంది. నా దగ్గర థర్మామీటరు ఉంది కాబట్టి 45 అని రాసుకున్నాను. అప్పుడు సెంటు నూనె 5 మిల్లీలీటర్లు పోసి, చిక్కబడేదాకా గరిటె ఆపకుండా తిప్పి కప్పులో పోయాలి. తిప్పడం ఆపితే నూనె పైకి తేలి, పైన మందపాటి జిడ్డుపొర, కింద ఉత్త ఉప్పు జెల్లీ మిగులుతాయి. మొదటి రెండుసార్లు నాకు అలాగే అయింది.

మూతకి చిల్లులు పెట్టి, రోజూ పొద్దున్నే తూకం వేశాను. రోజుకి పది పన్నెండు గ్రాములు తగ్గుతూ వచ్చింది. వాసన మొదటి వారం గట్టిగా ఉంది, పదో రోజుకి దగ్గరకి వెళ్తేనే తెలిసింది. పద్దెనిమిదో రోజుకి జెల్లీ ముడుచుకుపోయి కప్పు అడుగున రేగొడియంలా మిగిలింది, బూజు రాలేదు. పైన తెల్లటి పొర కనిపిస్తే కంగారుపడకండి, వేలితో రుద్దితే గరగరలాడితే అది ఉప్పు. నూగులా మెత్తగా ఉంటే బూజు, అప్పుడు వెంటనే మూత పెట్టేసి పారేయాలి. కాబట్టి నా లెక్క ప్రకారం దీని ఆయుష్షు రెండు వారాలు. నెల కాదు. వానాకాలంలో ఇంకా తక్కువే పెట్టుకోవాలి. రంగు మాత్రం కలపకండి. రంగు లేకపోతే పిల్లల చూపు దాని మీద అంత తొందరగా పడదు.

సహజ జెల్లీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది దూసరితీగ. మా అమ్మమ్మగారి ఊళ్ళో వేసవి సెలవలకి వెళితే చేలగట్ల మీద ఆ తీగ ఆకులు కోసుకొచ్చి, నీళ్ళలో గట్టిగా నలిపి, గుడ్డతో వడకట్టి పెట్టేవాళ్ళం. కాసేపట్లో ఆ పచ్చరసం పెరుగులా గట్టిపడేది. పొయ్యి లేదు, పొడి లేదు. పటికబెల్లం వేసి చలవకని మాకు పెట్టేది అమ్మమ్మ. పొద్దున చేసింది మధ్యాహ్నానికల్లా తినేయాలి, సాయంత్రానికి నీరు వదిలి ఆకు కంపు కొడుతుంది. రేపటికి దాచుకుంటామంటే ఒప్పుకునేది కాదు. ఆవిడకి చదువు రాదు, ఆ జెల్లీ గడువు మాత్రం గంటల్లో తెలుసు.

రెండోది తపసి బంక. మా మన్యం కొండల్లో తపసి చెట్టు బెరడు నుంచి గిరిజనులు తీసే జిగురు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ జిగురు కొంటుంది. తెల్లగా, శుభ్రంగా ఉన్నదానికి ధర ఎక్కువ, ఎర్రబడి బెరడుముక్కలు కలిసినదానికి తక్కువ. గొడ్డలితో లోతుగా గాటు పెడితే కొన్నాళ్ళకే చెట్టు ఎండిపోతుంది. చిన్న గాట్లతో ఓపిగ్గా తీస్తే ఏళ్ళ తరబడి ఇస్తుంది. మా కాలేజీలో చదివిన కొండ మీది పిల్లలు ఈ మాట నాకు చెప్పారు. ఇంత మంచి జిగురు మన కొండల మీద ఉండగా పేరు లేని బేస్ పొడి వందలు పోసి కొనడం నాకు బాధగా ఉంటుంది.

100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళలో 2 గ్రాముల తపసి పొడి చల్లి రాత్రంతా ఉంచితే ఉబ్బి చిక్కటి గుజ్జవుతుంది. అగర్‌లా ముక్కలు కోసేలా గట్టిపడదు. మరగబెడితే పల్చనైపోతుంది కాబట్టి పొయ్యి మీద పెట్టకూడదు. దీంతో ఒక చిక్కుంది. దీనికి వెనిగర్ లాంటి పులుపు వాసన సహజంగానే ఉంటుంది, పాతబడ్డ పొడికి మరీ ఎక్కువ. మల్లె, సంపెంగ లాంటివి దీంట్లో వేస్తే వాడిపోయిన దండ వాసన వచ్చింది. వట్టివేళ్ళు నానబెట్టిన నీళ్ళతో చేస్తే మాత్రం ఆ పులుపు మట్టివాసనలో కలిసిపోయి చాలా బాగుంది. కిటికీ దగ్గర వెడల్పాటి మట్టిమూకుడులో పెడితే నాలుగు రోజులు వడగాలి కూడా చల్లగా తోచింది. అయిదో రోజు మొక్కల్లో పారబోశాను.

ఒంటికి రాసుకునేదానికి మాత్రం నా మాట ఒకటే. నీళ్ళు కలిసిన జెల్లీ ఇంట్లో చేసి రాసుకోకండి. నీళ్ళు ఉన్నచోట బూజు వస్తుంది, దాన్ని ఆపే మందులు సరైన పాళ్ళలో కలపడం తూకాలూ, పరీక్షలూ ఉన్నచోట జరగాల్సిన పని. నిమ్మజాతి తొక్కల నుంచి పిండిన నూనె మెడకి రాసుకోమని కూడా ఒకసారి వేశారు. అది రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి, నెలల తరబడి పోని మచ్చలు పడతాయి. మన పెద్దవాళ్ళ పద్ధతులు ఒకసారి చూడండి. పేరంటానికి వెళితే మెడకి పూసే గంధం అప్పటికప్పుడు సాన మీద అరగదీసింది. పన్నీరు అప్పటికప్పుడు బుడ్డిలోంచి చల్లేది. దాచుకునే పునుగు, జవ్వాది వంటివి నీటి తడి లేని ముద్దలు. పూలనూనె చేసేవాళ్ళు నువ్వులూ పూలూ పొరలు పొరలుగా పేర్చి, పూలు వాడాక మార్చి మార్చి, ఆ నువ్వులు గానుగాడేవారు. అందులోనూ నీళ్ళు లేవు.

నేను ఇప్పుడు అదే దారిలో మల్లెలతో చేస్తున్నాను. మల్లెమొగ్గ కోసేశాక కూడా బతికే ఉంటుంది. తెల్లవారుజామున కోసిన మొగ్గ సాయంత్రం విచ్చుకొని రాత్రంతా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. పక్కన కొవ్వు ఉంటే ఆ వాసనని పట్టుకుంటుంది. ఫ్రాన్సులో గ్రాస్ అనే ఊరివాళ్ళు గాజు పలకల మీద పశువుల కొవ్వు పూసి దాని మీద మల్లెజాతి పూలు పరిచి సెంట్లు చేసేవారు. నేను కొవ్వు బదులు 75 గ్రాముల రిఫైన్డ్ కొబ్బరినూనెలో 25 గ్రాముల తేనెమైనం కరిగించాను. కొబ్బరినూనె ఒక్కటే అయితే మన ఎండకి గడ్డకట్టదు కదా, మైనం దాన్ని నిలబెడుతుంది. స్టీలు పళ్ళెంలో పల్చగా పోసి, పేరుకున్నాక ఫోర్కుతో గాట్లు పెట్టి, సాయంత్రం మల్లెలు బోర్లించి పరిచి, పైన ఇంకో పళ్ళెం మూశాను. పువ్వు మీద చుక్క తడి ఉండకూడదు. దండ కట్టేవాళ్ళు నీళ్ళు చల్లిన మల్లెలు పనికిరావు, తోటనుంచి నేరుగా తెచ్చే మనిషికి చెప్పి పొడివి తెప్పించుకున్నాను. పొద్దున పూలు గోధుమరంగుకి తిరగకముందే ఏరేయాలి, ఆలస్యమైతే వాడువాసన కూడా ఎక్కుతుంది. అలా పన్నెండు రాత్రులు మార్చాను. పదమూడో రోజు పొద్దున చేతికి రాసుకుంటే పెళ్ళిపందిరిలో నిలబడ్డట్టు అనిపించింది. రెండు గంటలే ఉంటుంది ఆ వాసన, మెత్తగా ఉంటుంది. కోడలు కుంకుమభరిణె అంత డబ్బాలోకి తీసుకొని, తేదీ రాసిన చీటీ అంటించి, పై గూట్లో పెట్టుకుంది. ఇప్పుడు మా ఇంట్లో ఏ సీసా అయినా తేదీ లేకుండా గూట్లోకి వెళ్ళడం లేదు.

మిమ్మల్ని కోరేది పెద్ద పనేమీ కాదు. ఇలాంటి చిట్కా వేసేముందు ఎవరిచేతనైనా ఒకసారి చేయించి, కప్పుని రెండు వారాలు ఆఫీసులో బల్ల మీద పెట్టుకొని చూడండి. చెంచాలు, కప్పులు అని కాకుండా గ్రాముల్లో రాయండి. ఎన్ని రోజులు నిలుస్తుందో, చెడిపోతే ఎలా గుర్తుపట్టాలో, పసిపిల్లలకి ఎందుకు అందకూడదో అదే అక్షరాల సైజులో రాయండి. అమ్ముకోమని చెప్పేటప్పుడు లైసెన్సు సంగతి కూడా చెప్పండి. ‘సహజం కాబట్టి హాని లేదు’ అనే వాక్యం మాత్రం దయచేసి ఇక వేయకండి. ఆ ఆకుపచ్చ బూజు కూడా సహజంగా వచ్చిందే.

నా నోటుబుక్కులో పదకొండు పేజీలు జిరాక్స్ తీసి దీనికి జతచేశాను. తపసి బంక లెక్కలు ఎర్ర ఇంకుతో ఉన్నాయి, జిరాక్స్‌లో మసకగా పడ్డాయి, వాటిని మళ్ళీ నల్ల ఇంకుతో రాసి పంపమన్నా పంపుతాను. మీకు ఉపయోగపడితే నా పేరు లేకుండా వేసుకోండి. మల్లెల పద్ధతి వేయదలిస్తే కాస్త తొందరగా వేయండి. మా తోట మనిషి ఇంకో మూడు వారాలకి మించి పొడి మొగ్గలు ఇవ్వలేనంటున్నాడు.

ఇట్లు,
రిటైరైన ఒక ల్యాబ్ అసిస్టెంట్,
పార్వతీపురం